ఇరవై ఎనిమిది మాత్రల వెనక కథ

మా వైపు "ఆవిడకి ఆపరేషనైపోయింది" అంటే ఏ ఆపరేషనని ఎవరూ అడగరు. కంటిదైతే శుక్లాల ఆపరేషన్ అంటారు, కడుపులోదైతే అపెండిసైటిస్ అంటారు. ఉత్తినే ఆపరేషన్ అంటే మాత్రం ఒక్కటే. పేపర్ల వాళ్ళు దానికి కు.ని. అని పొట్టి పేరు కూడా పెట్టేశారు. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి రావడం మనకి ఎంత అలవాటైపోయిందంటే, వాటి మధ్య ఇంకేదైనా ఉండొచ్చన్న ఆలోచనే రాదు.

ఇది నా ఊహ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. తెలంగాణలో పదికి ఆరుగురు. దేశం మొత్తం మీద నలుగురికి లోపే. ఇక రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల సంగతికొస్తే, దేశంలో వందకి ఐదుగురు వాడుతుంటే, ఆంధ్రప్రదేశ్‌లో వందకి ఒక్కరు కూడా లేరు.

ఈమధ్య మా అక్క కూతురు ఫోన్ చేసింది. పెళ్ళై ఏడాదయింది, ఉద్యోగం కొత్త, రెండేళ్ళు ఆగుదామనుకున్నారు. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. "పిన్నీ, స్ట్రిప్ తెచ్చుకుని వారమైంది. వేసుకోవాలంటే భయంగా ఉంది. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఒంట్లో ఏం చేస్తాయో" అంది. ఒంట్లో ఏం చేస్తాయో డాక్టరే చెప్పాలి. ఎక్కణ్ణుంచి వచ్చాయో మాత్రం నేను చెప్పగలననిపించింది. ఎందుకంటే నేను వాడిన రోజుల నుంచీ ఆ కథ మీద నాకు ఆసక్తి. దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను.

కథ అమెరికాలో ఒక నర్సుతో మొదలవుతుంది. మార్గరెట్ శాంగర్ అని, 1879లో పుట్టింది. వాళ్ళమ్మ పద్దెనిమిదిసార్లు కడుపుతో ఉంది, అందులో పదకొండు మంది పిల్లలు బతికి పుట్టారు. యాభై ఏళ్ళకే క్షయతో పోయింది ఆవిడ. తర్వాత న్యూయార్క్ పేదవాడల్లో నర్సుగా తిరిగినప్పుడు మార్గరెట్‌కి ఇంటింటా వాళ్ళమ్మే కనిపించింది. పిల్లలు వద్దనుకుని నాటు పద్ధతులు చేయించుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్న ఆడవాళ్ళు. అప్పట్లో అక్కడ గర్భం రాకుండా ఎలా చూసుకోవాలో కాగితం మీద రాసి పోస్టులో పంపినా నేరమే, 1873 నాటి చట్టం ప్రకారం. అయినా 1916లో బ్రూక్లిన్‌లో క్లినిక్ తెరిచింది. పది రోజులైనా తిరక్కుండా పోలీసులు వచ్చి మూయించి, ఆమెని అరెస్టు చేశారు.

ఆమె గురించి చెప్పేటప్పుడు ఇంకో మాట దాచకూడదు. ఫలానా రకం మనుషులు పిల్లల్ని కనకూడదనే, ఇవాళ వింటే మనకి రోత పుట్టే వాదాన్ని కూడా ఆమె సమర్థించింది. ఆడదాని స్వేచ్ఛ కోసం, జనాన్ని తగ్గించడం కోసం అనే రెండు ఉద్దేశాలూ ఈ మాత్ర పుట్టుకలోనే కలిసిపోయి ఉన్నాయి. మన దేశంలో తర్వాత ఏం జరిగిందో అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

రెండో ఆవిడ కేథరీన్ మెక్‌కార్మిక్. 1904లోనే ఎం.ఐ.టి.లో బయాలజీ డిగ్రీ తీసుకుంది. కోటీశ్వరుల ఇంటి కోడలు. పెళ్ళైన రెండేళ్ళకే భర్తకి మతి చలించింది. ఆయన పోయాక ఆస్తి చేతికొచ్చింది. ఎప్పటినుంచో శాంగర్‌కి స్నేహితురాలు. 1920ల్లో యూరప్ నుంచి వచ్చేటప్పుడు గర్భనిరోధక సాధనాలు బట్టల్లో పెట్టి కుట్టించి దొంగచాటుగా తెచ్చేది. 1953లో ఈ ఇద్దరూ కలిసి గ్రెగరీ పింకస్ అనే శాస్త్రవేత్త దగ్గరికి వెళ్ళారు. అప్పటికి శాంగర్‌కి డెబ్భై దాటాయి, మెక్‌కార్మిక్‌కి డెబ్భై ఏడు. తలనొప్పికి వేసుకున్నట్టు వేసుకుంటే గర్భం రాకుండా ఉండే మాత్ర కావాలన్నారు. ప్రభుత్వం పైసా ఇవ్వలేదు, మెక్‌కార్మిక్ తన సొంత డబ్బు సుమారు ఇరవై లక్షల డాలర్లు పోసింది. మనవల్ని ఆడించే వయసులో ఇద్దరు ముసలమ్మలు పట్టుబట్టి చేయించిన మందు ఇది. వాళ్ళకెలాగూ ఇక అవసరం లేదు. వెనక వచ్చేవాళ్ళ కోసం.

ఇక మందు దేనితో చేశారో వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. పెండలం దుంప! మనం వేపుడు చేసుకునే పెండలం జాతికే చెందిన అడవి దుంపలు మెక్సికోలో దొరుకుతాయి. వాటిలోంచి తీసిన పదార్థంతో ఆడవాళ్ళ ఒంట్లో ఉండే ప్రొజెస్టిరాన్‌ని తయారుచేయొచ్చని రస్సెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త 1940ల్లో కనిపెట్టాడు. అంతకుముందు అది బంగారం కంటే ఖరీదు. 1951 అక్టోబరులో మెక్సికో నగరంలోని సింటెక్స్ ప్రయోగశాలలో, కార్ల్ జెరాసీ బృందంలో లూయిస్ మిరామోంటెస్ అనే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు నోటితో వేసుకుంటే పనిచేసే నోరెథిస్టెరాన్ తయారుచేశాడు.

ఈ నోరెథిస్టెరాన్ పేరు మీరు వినకపోవచ్చు. కానీ మనలో చాలామంది మింగే ఉంటాం. వరలక్ష్మీ వ్రతానికో, మరిది పెళ్ళికో, తిరుపతి ప్రయాణానికో అడ్డం రాకుండా నెలసరి వాయిదా వేసుకోవడానికి మందుల షాపులో తెచ్చుకుంటామే, అవి ఇవే. పూజ కోసమైతే పెద్దవాళ్ళే "ఆ బిళ్ళలు వేసుకోవే" అంటారు. అదే కుటుంబానికి చెందిన మందు పిల్లల మధ్య ఎడం కోసం వేసుకుంటానంటే మాత్రం "గర్భసంచి పాడైపోతుంది" అంటారు. మందుని కాదు, దాన్ని వాడే కారణాన్ని చూసి భయపడుతున్నామన్నమాట.

సరే, కథలోకి వస్తాను. పింకస్ తన పరీక్షలకి సియర్ల్ కంపెనీ తయారుచేసిన ఇలాంటిదే ఇంకో మందుని ఎంచుకున్నాడు. ఆడవాళ్ళ మీద పరీక్షించడానికి జాన్ రాక్ అనే పేరున్న డాక్టరు తోడయ్యాడు. రోజూ చర్చికి వెళ్ళే కేథలిక్ ఆయన. 1954లో పిల్లలు పుట్టడం లేదని తన దగ్గరికి వచ్చిన యాభై మందికి ఇచ్చి చూశాడు. మందు వాడినంతకాలం అండం విడుదల కాలేదు. కానీ వాళ్ళ రాష్ట్రంలో గర్భనిరోధం చట్టవిరుద్ధం, పెద్ద ఎత్తున పరీక్షించే వీల్లేదు. అందుకని 1956లో ప్యూర్టోరికో అనే చిన్న ద్వీపానికి వెళ్ళారు. అది అమెరికా అధీనంలోనే ఉన్న పేద ప్రాంతం.

ఈ ప్యూర్టోరికో దగ్గర నేను చదవడం ఆపి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. ఎందుకంటే అక్కడ కూడా ఆడవాళ్ళ కు.ని. శస్త్రచికిత్సని "లా ఆపరేసియోన్" అనే అంటారట. అంటే "ఆపరేషన్". ఇంకే విశేషణమూ అక్కర్లేదు. 1965లో చేసిన సర్వేలో 20 నుంచి 49 ఏళ్ళ తల్లుల్లో మూడోవంతు మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది. మనకీ వాళ్ళకీ మధ్య సగం భూమి ఉంది. మాట మాత్రం ఒక్కటే.

ఆ పేద ఆడవాళ్ళు మాత్ర కోసం ఎగబడ్డారు. పిల్లలు పుట్టకుండా ఆపుతుందని చెప్పారు, అది నిజమే. ఇదింకా పరీక్షలో ఉన్న మందు అని మాత్రం చెప్పలేదు. ఆ మాత్రలో అప్పుడు హార్మోను మోతాదు చాలా ఎక్కువ. తలతిరుగుడు, వాంతులు, కడుపునొప్పి, తలనొప్పి. నూటికి పదిహేడు మంది బాధపడ్డారు. అక్కడ పని చూసిన డాక్టర్ ఈడ్రిస్ రైస్-రే, ఆవిడా ఆడమనిషే, గర్భం రాకుండా ఆపడంలో మందు బాగా పనిచేస్తోంది గానీ అందరికీ ఇవ్వడానికి ఈ ఇబ్బందులు మరీ ఎక్కువని రాసి పంపింది. పింకస్ దాన్ని పట్టించుకోలేదు. చాలామటుకు అవన్నీ మనసులో ఊహించుకునేవేనని తేల్చేశాడు.

ఆడవాళ్ళు ఒంట్లో బాగోలేదంటే "నీకన్నీ అనుమానాలే" అనే మాట మనకి కొత్తా?

1957లో ఆ మందుని నెలసరి ఇబ్బందులకి వాడొచ్చని అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక చూడాలి, ఉన్నట్టుండి నెలసరి ఇబ్బందులున్న ఆడవాళ్ళు తామరతంపరగా పెరిగిపోయారు! 1960లో గర్భనిరోధానికే అనుమతి దొరికింది. 1965 నాటికి అక్కడ సుమారు 65 లక్షల మంది పెళ్ళయిన ఆడవాళ్ళు వాడుతున్నారు.

ఇప్పుడు స్ట్రిప్ సంగతి. 1961లో ఇల్లినాయ్‌లో డేవిడ్ వాగ్నర్ అనే ఇంజనీరుకి నాలుగో బిడ్డ పుట్టింది. భార్య డోరిస్ మాత్రలు మొదలుపెట్టింది. అప్పట్లో అవి సీసాలో పోసిచ్చేవారు. ఇవాళ వేసుకుందా లేదా అని ఇద్దరికీ అనుమానం. ఆయన అడిగినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండేది. చివరికి ఆయన ఒక కాగితం మీద వారాల పేర్లు రాసి, ఒక్కో రోజు మీద ఒక్కో మాత్ర పెట్టాడు. అది కాస్తా కిందపడి మాత్రలన్నీ చెల్లాచెదురయ్యాయి. అప్పుడు కూర్చుని గుండ్రంగా తిరిగే ప్లాస్టిక్ డబ్బా తయారుచేశాడు. కంపెనీలు దాన్ని తీసుకున్నాయి. ఈనాటి స్ట్రిప్ మీద రోజుల పేర్లు, బాణం గుర్తులు దాని సంతానమే. ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాల కీచులాటలోంచి వచ్చింది.

మన స్ట్రిప్‌లో చివర ఏడు గోధుమరంగు మాత్రలుంటాయి కదా, వాటిలో హార్మోను ఉండదు, ఐరన్ ఉంటుంది. ఆ వారంలో నెలసరి వస్తుంది. నిజానికి అది మామూలు నెలసరి కాదు, హార్మోను ఆపినందువల్ల వచ్చే రక్తస్రావం. నెలనెలా వస్తే ఆడవాళ్ళకి గర్భం రాలేదన్న ధీమా ఉంటుందని, సహజంగా ఉన్నట్టుంటుందని మొదట్లోనే పింకస్, రాక్ అలా మధ్యలో విరామం పెట్టారు.

మోతాదు తగ్గిన కథ ఇంకా ముఖ్యం. 1961 నుంచే రక్తం గడ్డకట్టిన కేసులు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. 1969లో బార్బరా సీమన్ అనే పాత్రికేయురాలు ఈ ప్రమాదాల మీద ఒక పుస్తకమే రాసింది. 1970లో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ అమెరికా సెనేట్‌లో విచారణ జరిపించాడు. సాక్ష్యం చెప్పడానికి డాక్టర్లని పిలిచారు గానీ, మాత్ర వేసుకున్న ఒక్క ఆడదాన్నీ పిలవలేదు. సందర్శకుల్లో కూర్చున్న కొందరు యువతులు లేచి నిలబడి, మాకెందుకు చెప్పలేదు, మమ్మల్నెందుకు అడగలేదు అని గట్టిగా అరిచారు. కెమెరాలన్నీ వాళ్ళవైపు తిరిగాయి. ఆ ఏడాదే, వాడే మనిషి చదువుకునేలా మాత్రల పెట్టెలో హెచ్చరిక కాగితం పెట్టాలని నియమం వచ్చింది. మొదటి మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు, ఇవాళ్టి మాలా-ఎన్‌లో 30. నూటికి పదిహేడు మంది ఊహల్ని పట్టించుకోకుండా వదిలేసి ఉంటే ఈ మార్పు వచ్చేదా?

మన దేశానికొద్దాం. శాంగర్ 1935 చివర్లో ఇక్కడికి వచ్చింది. వార్ధాలో గాంధీగారిని కలిసింది. ఆయన ఒప్పుకోలేదు, దంపతులు నిగ్రహం పాటించాలే గానీ సాధనాలు కూడదన్నారు. ఆ నిగ్రహం విషయంలో ఇల్లాలి మాట ఎన్ని ఇళ్ళల్లో చెల్లుతుందన్నది మనకి తెలియంది కాదు. కానీ ఆడవాళ్ళు ఊరుకోలేదు. అఖిల భారత మహిళా సమావేశం అప్పటికే ఈ విషయం చర్చిస్తోంది. 1949లో ధన్వంతి రామారావు, అవాబాయి వాడియా వంటివాళ్ళు బొంబాయిలో భారత కుటుంబ నియంత్రణ సంఘం స్థాపించారు. 1952లో మన ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రపంచంలో జాతీయ స్థాయిలో అలాంటిది అదే మొదటిది.

అయితే ప్రభుత్వానికి కావలసింది లెక్క. రోజూ మాత్ర వేసుకునే ఆడవాళ్ళని లెక్కపెట్టడం కష్టం, ఒక్కసారి చేసేసేది తేలిక. 1965 ప్రాంతంలో లూపు వచ్చింది. తర్వాత మగవాళ్ళకి ఆపరేషన్ క్యాంపులు. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదే ఎనభై లక్షలకి పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ మగవాళ్ళకే. బలవంతాల మీద జనం మండిపడ్డారు, ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత మగవాళ్ళని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. భారమంతా నెమ్మదిగా ఆడవాళ్ళ మీదికి జరిగింది. మన "ఆపరేషన్" అలా ఆడవాళ్ళ మాటైపోయింది.

మా పిన్ని కూతురికి ఇరవై రెండేళ్ళకి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అన్నీ అయిపోయాయి. కాన్పుకి వెళ్ళినప్పుడే అది కూడా కానిచ్చేశారు. "నువ్వు సరేనన్నావా?" అని తర్వాతెప్పుడో అడిగాను. "నన్నెవరడిగారక్కా? సంతకం ఆయన పెట్టారు" అంది. కోపంగా కూడా అనలేదు. అది నన్ను ఇంకా బాధపెట్టింది.

నాకు పెద్దది పుట్టింది 1993లో. ఏడో నెలలో దానికి టీకాకి తీసుకెళితే నర్సమ్మ నెమ్మదిగా "రెండోదానికి ఎడం కావాలా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడగడం అదే మొదలు. బీపీ చూసి, మాలా-ఎన్ రెండు స్ట్రిప్పులు చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు, అవి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవి. డబ్బుపెట్టి కొనుక్కునే మాలా-డి ప్రకటన దూరదర్శన్‌లో వస్తే మా ఇంట్లో అందరూ ఒక్కసారిగా గోడ గడియారం వైపు చూసేవారు.

మావారికి చెప్పాను, "నీ ఇష్టం" అన్నారు. అత్తయ్యగారికి వారం తర్వాత తెలిసింది. "ఒళ్ళొస్తుందట, మళ్ళీ పిల్లలు పుట్టరట" అన్నారు. "మానేస్తే పుడతారట అత్తయ్యా" అన్నాను. ఆవిడ చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుని, "మా రోజుల్లో ఇలాంటిదుంటే నాకు ఏడుగురు ఉండేవారు కాదేమో" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి నెల పొద్దున్నే వికారం, తలనొప్పి. రెండో నెలకి తగ్గింది. మరిచిపోకుండా ఉండడానికి రాత్రి పాలు తోడు పెట్టేటప్పుడు వేసుకునేదాన్ని. తోడు పెట్టడం ఏ ఇల్లాలూ మరిచిపోదు కదా. రెండున్నరేళ్ళు అలా వాడాను. మానేసిన నాలుగో నెలలో చిన్నాడు కడుపున పడ్డాడు. ఆ రెండున్నరేళ్ళలో నేను ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేశాను. ఆ చిన్న తెల్లబిళ్ళ నాకిచ్చింది అదీ.

మన శాస్త్రవేత్తలు కూడా ఒక మాత్ర కనిపెట్టారు. లక్నోలోని సీడీఆర్ఐలో నిత్యానంద్ బృందం తయారుచేసింది, 1991లో సహేలి పేరుతో వచ్చింది. అందులో హార్మోను ఉండదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాయ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. ఇంత మంచిది మన దేశంలోనే పుట్టినా దాని పేరు విన్న ఇల్లాళ్ళు ఎంతమంది?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నాలుగు మాటలు. మాలా-ఎన్ లాంటి హార్మోను మాత్రలు అందరికీ పడవు. బీపీ ఎక్కువున్నవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, కళ్ళముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, ముప్ఫై అయిదు దాటి పొగతాగేవాళ్ళు వాడకూడదు. బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లులకి కూడా సాధారణంగా ఇవ్వరు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు వీటి పనిని తగ్గిస్తాయి. అందుకే పక్కింటావిడ స్ట్రిప్ అడిగి వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, వాడుతున్న మందులన్నీ చెప్పండి. నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెడితే వెంటనే పనిచేస్తుంది. తర్వాత మొదలుపెడితే ఏడు రోజులు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. వికారం, అక్కడక్కడా మరకలు పడడం చాలామందికి మూడు నెలల్లో సర్దుకుంటాయి. కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, చూపు మసకబారినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మాత్రే గొప్పది, ఆపరేషన్ చెడ్డదని నేననడం లేదు. ఇక పిల్లలు చాలనుకున్న ఆడమనిషి తనకై తాను సరేనంటే అంతకన్నా నిశ్చింత లేదు. కానీ పెళ్ళికీ దానికీ మధ్య ఉన్న ఏళ్ళు కూడా మనవే. ఆ ఏళ్ళలో ఏం చేయాలో మనల్ని ఎవరో ఒకరు అడగాలి.

స్ట్రిప్ తెచ్చుకున్నాక అందులోని కాగితం మాత్రం పారేయకండి. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. అలాంటి కాగితాన్ని మొదట పెట్టించింది కంపెనీల దయ కాదు, సభలో లేచి అరిచిన ఆడపిల్లలు. మీ ఒంట్లో ఏదైనా తేడా అనిపిస్తే దాన్నీ రాసుకుని డాక్టరుకి చూపించండి, "అదేం లేదులే" అంటే రెండోసారి కూడా చెప్పండి.

మా అక్క కూతురికి చెప్పిందీ ఇదే.